నైరుతి గోడకు కన్నం

కొత్త ఇల్లు కట్టడం పెద్ద పనేమీ కాదు. సిమెంటు, ఇసుక, ఇటుక, నలుగురు పనివాళ్లు ఉంటే ఎవరైనా కట్టేస్తారు. మనుషులు కాపురముంటున్న ఇంట్లోంచి రెండు ఇటుకలు తీయించి చూడండి, అప్పుడు తెలుస్తుంది మీరు ఇంజినీరో కాదో. నేను గృహనిర్మాణ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఎన్ని ఇళ్లు కట్టించానో రిటైర్మెంటు నాడు ఎవరో మైకులో చదివి శాలువా కప్పారు. ఆ అంకె నాకిప్పుడు గుర్తు లేదు. తీయించిన ఇటుకలు మాత్రం గుర్తున్నాయి. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటున్నారు. అనుభవం అంటే గెలుపు అని వాళ్ల ఉద్దేశం. నా దగ్గర ఉన్నది ఇది, మీ ఖర్మ కొద్దీ వినండి.

చోడవరం నా చివరి పోస్టింగు. రావికమతం వెళ్లే రోడ్డులో, చెరకు తోటలు మొదలయ్యే చోట, పేదల కోసం ఎప్పుడో కట్టిన కాలనీ ఒకటుంది. నలభై ఇళ్లు. ఒక్కోదానికి ఒక హాలు, ఒక గది, ఒక వంటిల్లు, పైన కాంక్రీటు స్లాబు. వాటిని నాకు ముందు పనిచేసిన పెద్దలు కట్టించారు కాబట్టి నిర్భయంగా చెప్పగలను, మే నెలలో ఆ ఇళ్లలో పొయ్యి లేకుండా అప్పడాలు కాల్చుకోవచ్చు. స్లాబు పగలంతా ఎండ తాగి, పొద్దు వాలాక ఇంట్లోకి కక్కేది. జనం మంచాలు ఎత్తుకుని వీధిలోకి వచ్చేసేవారు.

నేను రిటైరవడానికి ఏడాది ఉందనగా పైనుంచి ఒక పథకం దిగింది. కొత్త ఇళ్లు కాదు, ఉన్న ఇళ్లనే చల్లబరచండి, కరెంటు వాడకం తగ్గించండి అని. ఇంటికి నాలుగు పనులు. స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్లరంగు. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు. సగం కరెంటుతో తిరిగే కొత్త ఫ్యాను. నాలుగోది, గదికి నైరుతి మూల గోడలో అడుగున్నర వెడల్పున గాలి కోసం ఒక కన్నం, దానికో ఇనప జాలీ, బయట వాన పడకుండా చిన్న చూరు. ఆ గదికి తలుపు ఎదురు మూలలో ఉంది కాబట్టి ఇటు నుంచి వచ్చిన గాలి అటు పోతుంది. కరెంటు పోయినా గాలి పోదు. నాలుగు పనుల్లోనూ చిన్నదీ, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఆ కన్నమే.

మొదటి మూడూ బాగానే గడిచాయి. తెల్లరంగు వేస్తుంటే ఆడవాళ్లు వచ్చి, ఎవరికీ కనపడని స్లాబుకెందుకు, అందరికీ కనపడే ముందు గోడకు వెయ్యమన్నారు. బల్బులు సంతోషంగా తీసుకున్నారు. కొత్త ఫ్యాను చప్పుడు చెయ్యదని కొన్నాళ్లు అలిగారు. "తిరుగుతన్నట్టే నేదు బాబూ. పాతది గడగడలాడతంటే మనసుకి నిబ్బరంగా ఉండీది" అని ఒక పెద్దాయన ఫిర్యాదు చేశాడు. అన్నీ సర్దుకున్నాయి. కన్నం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాలనీ మొత్తం ఒక్కటైపోయింది. అంతకుముందు కుళాయి దగ్గర ఒక్క పూట కూడా ఒక్కటి కాని కాలనీ అది.

"మా ఊళ్లో కన్నాలేసీది దొంగలు బాబూ, ఆపీసర్లు కాదు" అన్నారు ముందు. తర్వాత అసలు సంగతి బయటపడింది. నైరుతి మూల బరువుగా, మూసుకుని ఉండాలి, అక్కడ కిటికీ పడిందా, కన్నం పడిందా, ఇంటి యజమాని ప్రాణానికి ముప్పు. ఈ సంగతి మీ అమ్మానాన్నలు మీకు చెప్పే ఉంటారు. చిక్కేమిటంటే, మన ప్రాంతంలో వేసవి గాలి ఎక్కువగా వచ్చేది ఆ వైపు నుంచే. వాన కూడా అటు నుంచే రావాలని అందరూ మెడలు ఎత్తి చూస్తారు. వాన రావచ్చు, గాలి రాకూడదు.

కాలనీ చివర తాళం వేసి ఉన్న ఇంటి తాళం తెప్పించి, నమూనాగా దానికి కన్నం పెట్టించాను. అగరబత్తి వెలిగించి, పొగ కన్నం వైపు నుంచి తలుపు వైపుకు ఎలా లాగుతోందో చూడమన్నాను. అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. పొగ చూశారు. ఒకావిడ అగరబత్తికి దండం కూడా పెట్టుకుంది. బయటికి వెళ్లి మళ్లీ వద్దన్నారు.

"ఇప్పుడు చూశారు కదయ్యా, ఏమైంది?" అన్నాను.

"ఆ ఇంట్లో ఎవులూ నేరు కదా బాబూ. ఇంకెవులికి ముప్పొత్తాది" అన్నాడు ఫ్యాను పెద్దాయన.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ. ఆ రోజు కాలనీ మధ్యలో నిలబడి గట్టిగా ఉపన్యాసమిచ్చాను. ఇంకా ఈ మూఢ నమ్మకాలేమిటి, మీ పిల్లలు విశాఖపట్నంలో కంపెనీల్లో పనిచేస్తున్నారే, వాళ్లు వింటే నవ్వరా, గాలికి దిక్కులు తెలుసా, సిగ్గుండాలి అని. గొంతు బాగా లేచింది. నాలుగైదు తలలు వంగాయి కూడా. సరిగ్గా అప్పుడు, వెనకాల తాపీ కడుక్కుంటున్న మా మేస్త్రీ, ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"బాబుగారింట్లో నైరుతి కిటికీ మూసింది నానే."

ఆ మేస్త్రీది చీడికాడ వైపు. చెయ్యి మంచిది, నోటికి అబద్ధం రాదు. నా సర్వీసులో అబద్ధం ఆడని మేస్త్రీ ఒక్కడే తగిలాడు, వాడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. వాడికి నా మీద కోపమేమీ లేదు. నిజమే కదా, చెబితే పోలే అనుకున్నాడంతే. వంగిన తలలన్నీ లేచాయి. నేను బండెక్కి ఆఫీసుకు వచ్చేశాను.

నా కిటికీ కథ కూడా చెప్పాలి మరి. అంతకు కొన్నేళ్ల ముందు నా ప్రమోషను ఆగిపోయింది. ఫైలు ఒక టేబులు మీద నిద్రపోయింది. మా ఆవిడ ఎవరినో వాస్తు తెలిసినాయన్ని పిలిపించింది. హెడ్మాస్టరుగా రిటైరై వాస్తులోకి దిగిన మనిషి. హాల్లో నైరుతి మూల కిటికీ చూసి, నా వంక జాలిగా చూశాడు. నేను బి.ఈ. చదివాను, గాలీ వెలుతురూ గురించి పరీక్షలు రాసి పాసయ్యాను. ఆ ఆదివారమే మేస్త్రీని పిలిచి కిటికీ మూయించాను. నెల తిరక్కుండా ప్రమోషను వచ్చింది. వచ్చింది సీనియారిటీ వల్ల. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ కిటికీ తిరిగి తెరవలేదు. మూసిన చోట ఒక క్యాలెండరు తగిలించాం.

మర్నాడు కాలనీ నుంచి ఒకామె ఆఫీసుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె భర్త చెరకు లోడు మీంచి జారిపడి నడుం విరిగి, నాలుగేళ్లుగా మంచానికే అతుక్కుపోయాడు. మిగతా వాళ్లలా మంచం ఎత్తుకుని వీధిలోకి పోవడం అతనికి కుదరదు. ఆ నైరుతి గోడ పక్కనే పడుకోవాలి. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే, ఆమె బడి నుంచి వచ్చేదాకా చెమటలో నానుతూ ఉండాలి. వీపంతా పుళ్లు పడ్డాయి. ఇదంతా ఆమె ఏడవకుండా, రేషను గురించి చెప్పినట్టు చెప్పింది.

"మా ఇంటికి ఆ కన్నం పెట్టండి బాబూ. మా అత్త ఒప్పుకోటం నేదు. ఇప్పటికే సగం పోయినోడు, కన్నం పెడితే మిగిలింది కూడా పోతాడు అంటన్నాది. నానడిగేను, ఇన్నాళ్లూ నైరుతి మూసే ఉంది కదా, మరి నీ కొడుకు లోడు మీంచి ఎలాగ పడ్డాడు అని."

"ఏమంది?"

"ఈశాన్యంలో ఏదో తప్పుండుంటాది అన్నాది."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"మేస్త్రీ మాట ఇన్నాక అందరూ బిగిసిపోయేరు. మీరు మీ కిటికీ తెరిసేరంటే సాలు బాబూ, మా అత్తని నాను ఒప్పించుకుంటాను. సదువుకున్నోరు, ఆళ్లకి నేని బయ్యం మనకెందుకు అనీసి."

తెరుస్తానమ్మా అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను. ఆ మాట నమ్మండి, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయేవి నమ్మదగ్గ మాటలు కావు.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది. "మీ పెన్షను కాగితాలు కదిలే ఏడాది ఇది. ఇప్పుడు తెరుస్తారేటండీ దాన్ని? రిటైరయ్యాక మీ ఇష్టం, గోడంతా పడగొట్టుకోండి."

నేను వాదించలేదు. మా ఆవిడ మీదకు నెట్టేసి తప్పించుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. సరే తెరవండి అంటుందేమోనని నాకే లోపల గుబులుగా ఉండింది.

రెండు రోజులాలోచించాను. మూడో రోజు ఫోన్లో పాత ఫోటోలు తిరగేస్తుంటే మా గృహప్రవేశం నాటిది ఒకటి దొరికింది. నైరుతి కిటికీ బార్లా తెరిచి ఉంది, రెక్కలకు పసుపు రాసి ఉంది, పైన మామిడాకుల తోరణం. దాన్ని కాలనీకి పట్టుకెళ్లి చూపించాను. కిటికీ తెరిపించాను, చూడండి అన్నాను.

ఫోను చేతులు మారింది. ముసలామె, అంటే ఆ మంచంలో ఉన్నతని తల్లి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "కిటికీ తెరిసినందుకు తోరణం కట్టేరేటి?" అంది.

"మంచి పని కదా, శుభమని కట్టాం" అన్నాను.

ముప్పై ఏళ్ల సర్వీసులో కొలతలు అటూ ఇటూ చేసిన వాళ్లను పట్టుకుని మెమోలు ఇచ్చినవాణ్ణి. అంత నున్నగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. మేస్త్రీ వంక చూశాను. వాడు ఫోటో చూశాడు, నన్ను చూశాడు. "నానైతే తెరవనేదు. మరే మేస్త్రీనో పెట్టించుంటారు గావాల" అన్నాడు. వాడు అప్పుడు కూడా అబద్ధం ఆడలేదు, గమనించండి.

వారం తిరిగేసరికి నలభై ఇళ్లకూ కన్నాలు పడ్డాయి. నమూనా ఇల్లు పోగా మొదటిది ఆమె ఇంటికే. ముసలామె గుమ్మంలో కూర్చుని, ఒక్కో ఇటుకా ఊడుతుంటే ఒక్కో దేవుణ్ణి తలుచుకుంది.

ఆ వేసవి నా ఉద్యోగంలో మంచి కాలం. వెళ్లినప్పుడల్లా ఆ ఇంటి ముందు బండి ఆపేవాణ్ణి. ఆ మంచంలో అతను హాస్యగాడు, అది నాకు అంతకుముందు తెలియదు. ఉక్కపోతలో ఉన్నవాడు ఏం హాస్యమాడతాడు. "సారూ, వాన రాకడ కాలనీ మొత్తానికి ముందు నాకే తెలుస్తన్నాది. తడి వాసన కన్నంలోంచి ముక్కుకి కొడతన్నాది. నాను కేకేస్తే మా అమ్మ ఎల్లి ఆరేసిన మిరపకాయలు తీస్తన్నాది. రేడియోవోళ్లు నన్ను పెట్టుకోవాల" అనేవాడు. వీపు పుళ్లు కొన్ని ఎండాయని భార్య చెప్పింది. విశాఖపట్నం నుంచి పెద్దవాళ్లు వచ్చి, గోడ మీదకు తుపాకీలా గురిపెట్టే ఒక పరికరంతో వేడి కొలిచి, నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఉత్తమ పనితీరు అని ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని మా హాల్లో ఎక్కడ తగిలిద్దామా అని మా ఆవిడ అడిగితే, క్యాలెండరు ఉన్న గోడకు మాత్రం వద్దన్నాను.

వానాకాలంలో అతను పోయాడు. ఎప్పటి పుండో లోపలికి పాకి జ్వరం పట్టింది. అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లిన మూడో రోజు పోయాడు. ఇలాంటి వాళ్లు ఇన్నేళ్లు ఉండటమే ఎక్కువ అన్నాడట డాక్టరు. డాక్టరు మాట ఎవరు వింటారు. కన్నం పెట్టి ఆరు నెలలు నిండలేదు, ఇంటి యజమాని పోయాడు. కాలనీకి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

నాకు ఈ కబురు మేస్త్రీ ద్వారా తెలిసింది. "ముప్పై తొమ్మిది మూసేసేను బాబూ. నా కోసం ఆగనోళ్లు మన పతకం బ్యానర్లే మడతెట్టి కుక్కుకున్నారు, తరవాత ఆటి మీదే సిమెంటు కొట్టేను."

"మిగిలినది?"

"ఆయమ్మదే. మూయనీటం నేదు."

మూయనివ్వకపోవడం వల్ల ఏమవుతోందో కూడా వాడే చెప్పాడు. పట్టుబట్టి ఇంటికి కన్నం పెట్టించింది కోడలు, కాబట్టి కొడుకును చంపింది కోడలే అని ముసలామె తేల్చేసింది. ఆ ఇంటి గడప తొక్కనని ముందున్న పాకలో చాప వేసుకుంది. కోడలితో మాట లేదు, కోడలు వండింది ముట్టదు. పొరుగింటివాళ్లు పెట్టిన గంజి తాగుతోంది. మొగుణ్ణి మింగిన చెయ్యి, ఆ చేతి వంట మా పిల్లలకొద్దు అని కాలనీ ఆడవాళ్లు బడికి వెళ్లి చెప్పి వచ్చారు. మేస్త్రీ ఇవన్నీ చెప్పి, నేనేమైనా అంటానేమోనని కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. నేను వెళ్లి చూడలేదు. రిటైర్మెంటు దగ్గర పడింది, పని ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకున్నాను.

కర్మకాండలు అయిపోయిన తర్వాత ఒక సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చింది. గేటు బయటే ఆగింది. మొగుడు పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా ఒకరింటికి వెళ్లకూడదని మన వాళ్లకు పట్టింపు కదా. ఆమె లోపలికి రాకపోతేనే నాకు మేలు, అందుకని నేను కూడా ఆ పట్టింపును గౌరవిస్తున్నట్టు గేటు దగ్గరే నిలబడి మాట్లాడబోయాను. ఈలోగా మా ఆవిడ వచ్చింది. సంగతి తెలిసీ, అన్ని పట్టింపులూ లెక్క చేసే నా భార్య, ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "బడిలో ఎల్లుండి మీటింగెట్టేరు బాబూ. నన్ను తీసీసి వేరే ఆయమ్మని పెడతారంట. మీరొచ్చి ఒక్క మాట సెప్పాల. మా ఇంట్లోనూ తెరిసే ఉంది, మాకేటీ కానేదు అని. మీ మాట ఇంటారు." తర్వాత చుట్టూ చూసింది. "ఏదీ బాబూ, ఆ కిటికీ? ఒక్క పాలి కళ్లారా సూసి ఎల్తాను. సూసేనని మా అత్తకి సెప్తాను."

"ఏ కిటికీ అమ్మా?" అంది మా ఆవిడ. ఫోటో సంగతి ఆవిడకు నేను చెప్పలేదు.

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ క్యాలెండరు చుట్టూ మూసిన కిటికీ గీత నాలుగు వైపులా పగులు పట్టి స్పష్టంగా కనిపిస్తూ ఉంది. ఆమె చూపు దాని మీద ఆగింది. నా కళ్లు నేల మీదకు పోయాయి.

"మరి ఆ పొటో?"

"పాతదమ్మా."

నాకు చచ్చేంత సిగ్గు వేసింది. చివరికి నేనే అన్నాను, అప్పుడు నిజం చెబితే మీవాళ్లు ఒప్పుకునేవారు కాదు అని.

"అవును. ఒప్పుకోరు" అంది. లేచి చీర సర్దుకుంది. "వేసంగి మూణ్ణెల్లూ మంచి గాలి పీల్సుకున్నాడు బాబూ ఆయన. అది మటుకు అబద్దం కాదు. మీరొచ్చి సెప్తారని వచ్చేను. ఇంకేటి సెప్తారు."

గేటు చప్పుడయ్యాక మా ఆవిడ ఆ గ్లాసు తీసుకుంది. నా వంక చూడకుండా, "వెళ్లండి" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికో నన్నడుగుతారేటి."

దారిలో బండి మీద ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. కన్నం వల్ల మనిషి పోడు, పుండు వల్ల పోయాడు, డాక్టరు రాసిన కాగితం ఉంది, గాలి ప్రాణం పోస్తుంది గాని తియ్యదు. అన్నీ నిజాలే. కాలనీ చేరేసరికి ముసలామె పాకలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ముందు ఒక కంచంలో కోడలు పెట్టి వెళ్లిన అన్నం, మీద మూత పెట్టి, ముట్టకుండా. కోడలు నాకంటే కొంచెం ముందు ఇల్లు చేరినట్టుంది. నన్ను చూసి లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మోసపోయి వచ్చి గంట కూడా కాలేదు, అయినా ఇంటికొచ్చిన వాడికి కుర్చీ వెయ్యడం మానలేదు. జనం పోగయ్యారు.

ఆ కంచం చూశాక నా నిజాలు అక్కడ ఎందుకూ పనికిరావని తెలిసిపోయింది. కన్నం తప్పు కాదంటే ఎవరూ నమ్మరు. తప్పు ఎక్కడో ఉండి తీరాలి వాళ్లకు, దాన్ని దించుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇప్పటికి ఆ మనిషి ఈమె. కాబట్టి నేను కుర్చీలో కూర్చుని ఇలా చెప్పాను.

"ఆ ఫోటో అబద్ధం. నా ఇంట్లో నైరుతి కిటికీ అప్పుడూ మూసే ఉంది, ఇప్పుడూ మూసే ఉంది. తెరవడానికి నాకు భయం. మీ దగ్గరికొచ్చి తెరిచానని చెప్పాను. ఈ అమ్మాయి నా మాట నమ్మింది. మీరూ నమ్మారు. ఇందులో పాపమంటూ ఉంటే నాది, ఆమెది కాదు."

చూశారా, కన్నం వల్ల మనుషులు పోరని జనానికి చెప్పాల్సిన ఇంజినీరుని, కన్నం పాపం నాదేనని నలభై ఇళ్ల ముందు ఒప్పుకున్నాను. ఒక్క పుస్తకంలోనూ నేను చదువుకోని పని అది.

ముసలామె మెల్లగా ఇటు తిరిగింది. లేచి నిలబడింది. "నీ ఇంట్లో మూసుకుని నా కొడుకింట్లో తెరిపించేవా?" అని మొదలుపెట్టింది. నన్ను, మా వంశాన్ని, నా చదువును, నా బండిని, ఆ తోరణాన్ని పేరుపేరునా తిట్టింది. అంత తీరుగా నన్ను తిట్టినవాళ్లు శాఖలో కూడా లేరు. ఏడుస్తూ తిట్టింది, ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ తిట్టింది. జనం కూడా అందుకున్నారు. ఆ గొడవలో నేను కోడలి మొహం చూడలేకపోయాను.

తిట్టీ తిట్టీ అలిసిపోయాక ముసలామెకు నేను కుర్చీలో కూర్చుని ఉన్నానని అప్పుడే కనపడినట్టుంది. ఇంటి వైపు తిరిగి, "ఒసే, ఆ కుర్సీ లోపలెట్టీ. ఈడికి కుర్సీ ఏటి" అంది.

కొడుకు పోయిన నాటి నుంచి కోడలితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. కోడలు ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత వచ్చి నా ముందు నిలబడింది. నేను లేచాను. ఆమె కుర్చీ తీసుకుని లోపలికి వెళ్లింది, ముసలామె ఆమె వెనకే గడప దాటింది.

బడిలో ఆమెను తీసెయ్యలేదు. తప్పు ఎవరిదో తేలిపోయింది కదా, ఇంకా ఆమె వంటకేం దోషం. నా మీద మాత్రం పై అధికారులకు అర్జీ వెళ్లింది. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను, అందులో వాస్తు సంగతి ఏం రాయాలో తెలియక 'లబ్ధిదారులకు అవగాహన కల్పించడంలో లోపం' అని రాశాను. శాలువా సమయానికే కప్పారు. మా కిటికీ ఆ తర్వాత తెరిచాం. పగలగొట్టడానికి ఆ మేస్త్రీనే పిలిచాను. పనయ్యాక వాడు, "ఈ పాలి పొటో నాను తీత్తానుండండి బాబూ" అని తన ఫోన్లో తీసుకుని పోయాడు. దాన్ని వాడు కాలనీలో చూపించాడట. ఎవరూ నమ్మలేదట.

మిగిలిన ముప్పై తొమ్మిది కన్నాలూ ఇప్పటికీ మూసే ఉన్నాయి. మీలో ఎవరికైనా ఆ కాలనీ పని అప్పగిస్తే, ముందు మీ ఇంటి నైరుతి మూల చూసుకుని వెళ్లండి. అంతకంటే సాంకేతిక సలహా నా దగ్గర లేదు.

నేను అప్పుడప్పుడూ ఆ దారిన వెళ్తుంటాను. ముసలామె ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటుంది. కన్నం కిందే మంచం వేయించుకుంది, గాలాడుతుందని. నా బండి చప్పుడు ఆమెకు బాగా గుర్తు. లేచి కూర్చుని, ఆ జాలీలోంచే తిట్లు మొదలుపెడుతుంది. నేను బండి ఆపి, దిగి, చివరిదాకా వింటాను. పెద్దదైపోయింది, ఈ మధ్య మాటలు తడబడుతున్నాయి. మధ్యలో ఏ తిట్టైనా మరిచిపోయి ఆగితే, కోడలు పొయ్యి దగ్గర్నుంచి అందిస్తుంది.